పెంచలమ్మ తలుపు

ఆత్మకూరులో మే నెల మధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా కదలడం లేదు. సంగటి తిని మాల్యాద్రి ఇంటి వెనక గదిలో నులక మంచం మీద నడుం వాల్చాడు. వడగాలి రాకుండా తలుపు మూశాడు.

ఆ టేకు తలుపు ఈ ఇంటికని చేయించింది కాదు. ఎప్పుడో సోమశిల డ్యాం నీళ్ళు పాత ఊరి మీదికొస్తుంటే జనం ఎవరి తలుపులు, దూలాలు వాళ్ళు పీక్కుని బండ్లకెత్తుకున్నారు. మాల్యాద్రి తనవి కాక మేనత్త పెంచలమ్మ తలుపు కూడా పీకాడు. ఆమె కాళ్ళు పడిపోయి మంచానే ఉండేది. బండిలో తలుపుకు చోటు చేశాడు గానీ మనిషికి చెయ్యలేదు.

"ఉండత్తా, మళ్ళీ బండి తెస్తా."

"పొద్దుగూకేలోపు వస్తావు గదా నాయనా?"

వెళ్ళలేదు. అడిగినవాళ్ళకు మాత్రం ఒకటే మాట చెప్పాడు. "ఆమె రాత అట్లుండాది, నేనేం జేసేది?" చేతులారా చేసినదాన్ని నుదుటిరాత మీదికి తోస్తే లోకం తలూపి ఊరుకుంటుంది. ఊరుకుంది కూడా.

మెలకువ వచ్చేసరికి గదిలో బురద వాసన. లేచి తలుపు లాగాడు. రాలేదు. ముసుర్లలో నానినట్టు చెక్క ఉబ్బి చట్టంలో బిగుసుకుపోయింది.

"దేవకమ్మా! గొళ్ళెం పెట్టినావా ఏంది?"

"నాకేం పన్లేదా? తీసే ఉండాది," అంది భార్య అవతల నుంచి. "తిన్న సంగటంతా ఎటు పొయ్యింది? గట్టిగా లాగబ్బా!"

లాగాడు. అరచేతులకు తడి అంటింది.

"రావడంల్యా... వడ్రంగి నరసింహను పిల్చకరా."

"సరే, అరవబాక."

చెప్పుల చప్పుడు దూరమైంది. మంచం మీద కూర్చున్నాడు. గోడకు అడుగున తడి గీత... చూస్తుండగానే పైకి పాకింది. నేల మాత్రం పొడి దుమ్ము. లేవబోయాడు. కాళ్ళు రాలేదు. చేత్తో ఎత్తి పెడితే జారిపోయాయి.

తలుపు అవతల ఎవరో నిలబడ్డారు.

"దేవకమ్మా... తొయ్యవే..."

"నీ రాత అట్లుండాది." గొంతు దేవకమ్మదే. "ఉండు నాయనా. బండి తెస్తా."

దేవకమ్మ ఏనాడూ అతన్ని నాయనా అనలేదు.

తడి గీత మంచం దాటింది... రొమ్ము దాటింది...

తలుపు తెరుచుకుంది. "ఏంది మాల్యాద్రన్నా, వేలితో తోస్తే వచ్చిందే!" నవ్వాడు నరసింహ. వెనకే దేవకమ్మ. ఇద్దరూ పొడి నేల మీద నిలబడ్డారు.

"లేచి రా," అంది ఆమె.

మాల్యాద్రి గడ్డం పైకెత్తి ఉంచాడు. దించితే నోట్లోకి నీళ్ళు పోతాయి.