తెరిచి పెట్టిన బ్లేడు

"స్కేలు మీద చెయ్యి ఎట్ల పెట్టాల?" మునీశ్వరి అత్త అడిగింది.

"వేళ్లు అంచుకి దూరంగా, అత్తా."

"కత్తి ఎటు పోవాల?"

"నా పక్కకి కాదు. ముందుకి."

"ఎన్ని తూర్లు?"

"ఒకటే తూరి. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు."

"సరి, కొయ్యి చూద్దాం."

ఇళవరసి లేచి నిలబడింది. ఐదో తరగతి పిల్ల. ఈ రోటరీ కట్టర్ ఒక్కసారి పట్టుకోనిమ్మని నెల రోజులుగా అత్త ప్రాణం తీస్తోంది. పిడికి గుండ్రటి బ్లేడు బిగించిన కత్తి అది. నొక్కి తోస్తే చక్రంలా దొర్లుతుంది. నాలుగు మడతల నూలు గుడ్డ కూడా గీత గీసినట్టు తెగుతుంది. కోత అవగానే బ్లేడు మీదికి మూత జరపాలి. ఆ మాట అత్త రోజుకు పదిసార్లు చెప్పేది.

మునీశ్వరి ఆరేళ్లు పట్టాసుల కంపెనీలో టపాకాయలు చుట్టే పని చేసింది. వాళ్ల ఊరు ఏళాయిరంపన్నైలో సగం మందికి అదే బతుకు. ఒకరోజు పక్క షెడ్డు అంటుకుంది. ఆ మర్నాటి నుంచి ఆమె పనికి పోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, ముక్కలు కలిపి బొంతలు కుట్టడం నేర్చుకుంది. కోవిల్‌పట్టిలో బట్టల అంగడి పెట్టిన సోలైమలై ఒక బొంత కుట్టి శుక్రవారానికి తెమ్మన్నాడు. అది నచ్చితే నెలనెలా పని ఇస్తాడు. లేకపోతే మళ్లీ పట్టాసులే.

ఇళవరసి స్కేలు నొక్కి పట్టి కత్తిని తోసింది. పచ్చ గుడ్డ నున్నగా తెగింది. అంచున ఒక్క పోగు కూడా లేవలేదు.

"అత్తా, చూడు! నీకంటే నేనే బాగా కోసినా!"

"అబ్బో! అయితే రేపటి నించి నువ్వే కొయ్యి, నేను బడికి పోతా." అత్త నవ్వుతూ ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపింది. "కత్తి ఇటియ్యి, కణ్ణు," అంది ముద్దుగా.

ఇళవరసి చెయ్యి చాచబోయి ఆగింది. ఆ ఇంట్లో కత్తి గానీ, కత్తెర గానీ, కొడవలి గానీ చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని పట్టమ్మాళ్ అవ్వ చెబుతుంది. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. ఇళవరసికి అది ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు.

అందుకే కట్టర్‌ను గుడ్డల పక్కన పెట్టింది. కోసిన పచ్చ ముక్కలు జారి దాని మీద పడ్డాయి.

"పెట్టినా అత్తా, తీసుకో."

అత్త కళ్లు ఇస్త్రీ పెట్టె మీద ఉన్నాయి. మూత వేసే ఉంటుందనుకుని ముక్కల కింద చెయ్యి పెట్టి తడిమింది.

మూత వెయ్యలేదు.

కేక పెద్దగా రాలేదు. నెత్తురు మాత్రం బాగా వచ్చింది. నాన్న బైకు మీద అత్తను విరుదునగర్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. కుడిచేతి చూపుడువేలికి కుట్లు పడ్డాయి. లోపల నరం తెగిందనీ, వేలు వంగడానికి నెలలు పడుతుందనీ, సూది పట్టుకోవద్దనీ డాక్టరమ్మ చెప్పింది.

"పిల్లప్పటి నించీ నీకు నిదానం లేదు," అవ్వ తన కూతుర్ని తిట్టింది. "అజాగ్రత్త! చేతిలోకి వచ్చిన పనిని నీ చేతుల్తో నువ్వే పోగొట్టుకుంటివి."

అత్త ఏమీ అనలేదు. ఇళవరసినీ ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆ పిల్ల తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. 'నేను చేతికియ్యలేదు కదా, కిందే పెట్టినా కదా' అని తనకు తానే చెప్పుకుంది. కంచంలో అన్నం అట్లే వదిలేసి లేచింది.

శుక్రవారం వచ్చింది, పోయింది. సోలైమలై ఆ పని ఇంకెవరికో ఇచ్చేశాడు. ఇరవై రోజులు గడిచాక ఒక ఉదయం అత్త పాత చీర కట్టుకుని, కుడిచేతి కట్టు తడవకుండా ఎడమచేత్తో క్యారియర్‌లో అన్నం పెట్టుకుంటోంది.

"యాడికి అత్తా?"

"కంపెనీకి. పెట్టెల్లో పట్టాసు సర్దే పని ఉండాదంట. దానికి నాలుగు వేళ్లు చాలు."

ఇళవరసికి ఏడుపు తన్నుకొచ్చింది.

"అత్తా... ఆ పొద్దు మూత వెయ్యంది నేను."

"తెలుసు."

"తెలుసునా? మరి అవ్వ తిడతా ఉంటే చెప్పలేదేమి?"

"నువ్వు చెప్తావని చూసినా," అత్త క్యారియర్ మూత బిగించడానికి తంటాలు పడుతూ అంది. "ఇరవై దినాలు చూసినా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, కాసేపటికి తగ్గేది.

వీధిలో కంపెనీ వ్యాన్ హారన్ కొట్టింది. ఇళవరసి క్యారియర్ బిగించి, మోసుకుని అత్త వెనకే వెళ్లింది. వ్యాన్ నిండా ఆడవాళ్లు. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమే మునీశ్వరి, మళ్లీ వస్తివా!" ఒకప్పుడు కంపెనీలో అత్తతో కలిసి పనిచేసిన చిన్నత్తాయి కిటికీలోంచి అరిచింది. "గుడ్డ కొయ్యబోయి వేలు కోసుకుంటివంట! అంత పరాకేమి నీకు?"

వ్యాన్‌లో కొందరు నవ్వారు. అత్త తల వంచుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

"అత్త పరాకు కాదు!" ఇళవరసి గట్టిగా అంది. "కత్తి తెరిచి పెట్టింది నేను. మీద గుడ్డ పడినా చూడలేదు. ఇన్ని దినాలు చెప్పకుండా దాచింది కూడా నేనే. అవ్వా, నీకు కూడా చెప్తున్నా. అత్తని తిట్టొద్దు."

నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో అవ్వ కూతురి చేతి కట్టు వైపు చూసింది.

"పోనీలే, చిన్నపిల్ల," అంది చిన్నత్తాయి.

అత్త మాత్రం పోనీలే అనలేదు. ఇళవరసి వైపు ఒకసారి చూసింది. ఎడమచెయ్యి చాచి క్యారియర్ అందుకుని వ్యాన్ ఎక్కింది.