ఏడో గదిలో ఎవరు

మాదాపూర్‌లో ఆ కంప్యూటర్ కంపెనీ మేడ రెండో అంతస్తు మాటెత్తితే పట్టపగలు కూడా మాట మార్చేసేవాళ్ళు. తొంభైతొమ్మిదిలో సంగతి. చుట్టూ ఇంకా బండలూ పొదలే, ఎనిమిది దాటితే ఆటో దొరికేది కాదు. అక్కడ మూలనున్న పెద్ద సర్వర్‌కి దెయ్యం పట్టిందని చెప్పుకొనేవాళ్ళు. సర్వర్‌కంతా కాదు… అందులో ఏడో గదికి.

గది అంటే ఇటుకల గది కాదు లెండి. ఒకే మిషన్‌ని, ఒకరి పని ఒకరికి కనబడకుండా, పది గదులుగా విడగొట్టారు. ఏ గదిలోకి ఎవరొచ్చారో మిషన్ తనంతట తానే రాసుకునే ఆ గది పుస్తకంలోనే పడుతుంది, బయటి పుస్తకంలో పడదు. గదికో డిస్కు. ఎవరైనా పేరుపెట్టి పిలిస్తేనే అది వచ్చి తగులుకుంటుంది. పిలిచేవాళ్ళు లేకపోతే దానంతటదే ఊడిపోతుంది. దాన్నే ఆటోమౌంట్ అనేవాళ్ళు.

ఏడో గది కట్టింది మోషే. ఆ డిస్కూ అతనిదే. నైట్ డ్యూటీకి వస్తూ నానక్‌రామ్‌గూడ దగ్గర లారీ కిందపడి పోయాడు, పాపం. వారం తిరక్కుండానే మొదలైంది… రాత్రి రెండయ్యేసరికి ఏడో డిస్కు తగులుకునేది. దాని పచ్చదీపం కొట్టుకునేది. పిలిచిందెవరని చూస్తే — ఎవరూ ఉండరు. నెలలో ఇద్దరు ఆపరేటర్లు ఉద్యోగం మానేసి పోయారు.

మూడోవాడు యజ్ఞనారాయణ. కాకినాడ నుంచి వచ్చి నెలైంది, ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ సాయంత్రం మేనేజరు రత్నమాల గారు పిలిచి, పొద్దున్నే కొత్త కస్టమర్ వస్తున్నాడనీ, ఏడో గది ఖాళీగా కావాలనీ, ఈ గోల తేల్చకపోతే రేపటినుంచి రానక్కర్లేదనీ చెప్పేసింది. మోషే డిస్కుకి టేపు మీద నకలు తియ్యడం కూడా ఆవిడ ఎప్పుడో మాన్పించింది, చచ్చినవాడికి టేపు దండగని. అంత చల్లని తల్లి.

వాచ్‌మన్ ఎల్లేశం టీ గ్లాసు పెట్టి గుసగుసగా అన్నాడు. "సార్, జర ఆ ఏడో గదిల చెయ్యి పెట్టకు. మోషే సారు మంచోడు. ఆయన్ని పరేషాన్ చెయ్యకు."

రెండైంది… దీపం వెలిగింది.

యజ్ఞనారాయణ లేచి తలుపుదాకా వెళ్ళాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు. సెట్టింగులన్నీ తిరగేశాడు, ఎక్కడా తప్పు లేదు. బయటి పుస్తకం చూశాడు — తన పేరొక్కటే. ఇక ఏడో గదిలోకి పోయి చూడటమే మిగిలింది. దానికి మాత్రం చేతులు రాలేదు. ముందటి ఇద్దరికీ రాలేదు.

ముందు డిస్కు ఊడదీయాలి, తర్వాతే గది చెరపాలి. ఆ పని చేసేవాళ్ళకి మొదటిరోజే నేర్పే సంగతి ఇది. ఊడదీయమని టైపు కొట్టాడు. కుదరదు, వాడుకలో ఉంది — అని జవాబొచ్చింది.

అంటే… లోపల ఎవరో ఉన్నారు.

మళ్ళీ కొట్టాడు. అదే జవాబు. అంత ఏసీలోనూ చొక్కా తడిసిపోయింది. దీపం ఒక్కసారి వెలిగి, ఆగి… కాసేపటికి మళ్ళీ వెలుగుతోంది. ఎవరో తీరిగ్గా పేజీలు తిప్పుకుంటున్నట్టుంది.

ఇక ఆలోచించలేదు మహానుభావుడు. డిస్కు తగులుకుని ఉండగానే గది మొత్తం చెరిపేయమని కొట్టేశాడు. గదితో పాటు డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని తెలుసు. తెలిసే కొట్టాడు. పోతే దెయ్యానిది పోతుంది, నాదేం పోయింది అనుకున్నాడు.

దీపం పిచ్చెత్తినట్టు చాలాసేపు కొట్టుకుని… ఆరిపోయింది.

పొద్దున్నే రత్నమాల గారు భుజం తట్టి పర్మనెంటు కాగితం చేతిలో పెట్టింది. ఎవరో వచ్చారని ఎల్లేశం పిలిస్తే, కాగితం జేబులో పెట్టుకుని కిందకి దిగాడు.

నర్సు బట్టల్లో ఒకామె. ఎనిమిదో నెల కాబోలు, ఆయాసపడుతోంది. పేరు షారోన్ అనీ, మోషే భార్యననీ చెప్పింది. పుట్టబోయే బిడ్డకని మోషే డ్యూటీలో రోజుకో ఉత్తరం రాసి ఆ డిస్కులో దాచేవాడట. రెండింటికి వార్డు సద్దుమణిగాక, ఆసుపత్రిలో ఫోనులైనుకి తగిలించిన కంప్యూటర్ మీంచి, భర్త నేర్పినట్టే అతని పేరుతో లోపలికొచ్చి చదువుకునేదట. ఆసుపత్రి లైను మీంచి వచ్చినట్టు ఏడో గది పుస్తకంలో రోజూ పడుతూనే ఉంది. తెరిచి చూసినవాడే లేడు.

"రాత్రి మీకు కరెంటు పోయిందాండీ? చదువుతుంటే మధ్యలో ఆగిపోయింది. రోజుకొక్కటే చదువుతానండి, అయిపోతాయని. ఇంకా యాభై దాకా ఉన్నాయి."

యజ్ఞనారాయణ నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. చెబితే ఈ మాట పైకి పాకుతుంది, ఉద్యోగం పోతుంది.

"కరెంటేనండీ," అన్నాడు. "వచ్చేస్తుంది."

దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడండి అని చెప్పి, ఆఫీసు నంబరు రాయించుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి డిస్కు తగులుకోలేదు. దీపం వెలగలేదు. రెండింటికి… ఫోను మోగింది.

"వచ్చిందాండీ?"