గడపగీత లోపల

ఆ ఉదయం కూడా లాస్య ఇంటికి దూరంగా, చేను గట్టు పక్కనే పొయ్యి వెలిగించింది. అటువైపు పాత చీరలు కట్టిన స్నానాల మరుగు, దాని వెనుక రెండు మంచాలు. పొయ్యికి ఆనుకుని చిన్న మట్టికుప్ప. దాని కింద ఆమె కూతురు ఉంది. పాలు తాగే వయసులో పోయిన పిల్లను కాల్చరు కనుక సొంత చేనులోనే పూడ్చారు, నడుముకున్న వెండి మొలతాడుతో సహా.

ఆ వెండిని ఆకాశంలో తిరిగే సర్కారు నేలచూపు పట్టేసింది. దాచిన లోహం, తవ్వి చూడాలి అంది. ఎంత తెలివైన యంత్రమో! ఇంటి ఆవరణలో తవ్వాలంటే కోర్టు అనుమతి కావాలి. బయలులో అక్కర్లేదు. కంచె వేసినా, బోర్డు పెట్టినా బయలు బయలే. ఇల్లు ఎక్కడితో ముగుస్తుందో చెప్పేదీ నేలచూపే. మనుషులు ఎక్కడ వండుతున్నారో, ఎక్కడ స్నానం చేస్తున్నారో, ఎక్కడ తిరుగుతున్నారో చూసి నెలకోసారి గడపగీత గీస్తుంది. అందుకే లాస్య, ఆమె భర్త రణధీర్ కాపురాన్ని ఇక్కడికి మోసుకొచ్చారు. బిడ్డ మీద గడ్డపార పడకూడదు. లాస్యకు ఇంకేమీ అక్కర్లేదు.

పొద్దెక్కాక సోదా అధికారి నిహాల్ తన మనుషులతో వచ్చాడు. చేతిలోని పలక చూసుకుని, మట్టికుప్ప దాకా రాకుండానే ఆగాడు.

"కొత్త గీత పడిందమ్మా. ఇది మీ ఇల్లే. మేం ముట్టుకోం."

లాస్య అక్కడే కూలబడి ఏడ్చేసింది. "సల్లగుండు సారూ," అంది.

అతను ఇబ్బందిగా దూరాన ఉన్న వాళ్ల పాత పెంకుటింటి వైపు చూశాడు. "కానీ అది ఇప్పుడు బయలు. కొత్తగా బయలైన చోటు సోదా చేయాలి."

"ఇల్లు బయలెట్లయితది సారూ? మా అత్త ఉంటది అండ్ల!"

"అక్కడ పొయ్యి వెలగలేదు. పూటకోసారి ఎవరో వచ్చి పోతున్నారు, అంతే. యంత్రం లెక్కలో అక్కడెవరూ లేరమ్మా."

పక్షవాతంతో మంచం పట్టిన అత్త శిరీషకు రణధీర్ రోజూ ఇక్కడి నుంచే గంజి తీసుకెళ్తాడు. కదలని మనిషి బతికున్నట్టు నేలచూపుకు తెలియలేదు.

లాస్య పరుగెత్తి వెళ్లేసరికి వాళ్లు ముసలామెను బొంతతో సహా నేల మీద పెట్టి మంచం కింద వెతుకుతున్నారు. లాస్య ఆమె చీర సరిచేసింది.

"పొయ్యి మళ్ల ఈడనే పెడత అత్తమ్మా. వచ్చే నెలకు గీత ఎన్కకొస్తది."

శిరీష వంకరపోయిన నోటితో కష్టపడి అంది.

"వద్దు బిడ్డా. చిన్నదాన్ని ఇంట్ల ఉండనీ. నేను బయలుల ఉంట."