అంకె దిగని హోరు

విశాఖలో ఇప్పుడు ఎవరూ "బాగున్నారా?" అని అడగడం లేదు. "ఎంతుంది?" అని అడుగుతున్నారు. ఎదుటివాడు వెంటనే మణికట్టు తిప్పి చూపిస్తాడు. నలభై ఉంటే ఫరవాలేదు, అరవై దాటితే అయ్యో పాపం. తలమీద పగలూ రాత్రీ సరుకు డ్రోన్లు, నడక రాకముందే చెవుల్లో ఇయర్‌బడ్లు. 2080 వచ్చేసరికి ఊళ్ళో సగం మందికి చెవిలో హోరు పట్టుకుంది. ఒకరికి కీచురాయి కూత, మరొకరికి కుక్కరు ఈల.

ఆ శబ్దం బయట ఎక్కడా ఉండదు. చెవి లోపలి సన్నని రోమకణాలు దెబ్బతిని కబురు పంపడం మానేస్తే, మెదడే తన సొంత చప్పుడుతో ఆ లోటు పూడ్చుకుంటుంది. వైద్యులు దాన్ని టిన్నిటస్ అంటారు. డాక్టర్ చిట్టూరి మందాకిని కనిపెట్టిన హోరుమాపకం, అంటే టిన్నిటస్ మీటర్, చెవి వెనక అతికించుకునే చిన్న బిళ్ళ. మెదడులోని విద్యుత్ సంకేతాలను చదివి, హోరు ఎంతుందో సున్నాకీ వందకీ మధ్య ఒక అంకెగా మణికట్టు మీద చూపిస్తుంది.

ఆమె దాన్ని తమ్ముడు సింహాచలం కోసమే తయారు చేసింది. భీమిలి దగ్గర రాకెట్ ఇంజన్లు పరీక్షించే కేంద్రంలో పనిచేసి చెవులు పాడుచేసుకున్న మనిషి అతను. చెవిలో వెల్లుల్లి నూనె పోయించుకున్నాడు. అయస్కాంతపు కమ్మలు పెట్టుకున్నాడు. జింకు మాత్రలు, ఆకు గుళికలు మింగాడు, ఎర్ర లేజరు కింద కూర్చున్నాడు. ప్రతిదానికీ 'వాడకముందు, వాడిన తర్వాత' అని నవ్వు మొహాల ఫొటోలు. హోరుకు ఫొటో ఏమిటో! ఆ ప్రకటనలు చూస్తే మందాకినికి ఒళ్ళంతా కంపరం పుట్టేది.

మీటరు రాగానే అన్నిటినీ తూచారు. సగం మందికి మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్త పిండి బిళ్ళ. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చినవాళ్ళకు కూడా తెలియదు. రెండు గుంపుల్లోనూ కొందరు "తగ్గిందండీ" అన్నారు, కానీ ఒక్కరి అంకె కూడా దిగలేదు. అంకె దిగనిది వైద్యం కాదని మందాకిని సిఫారసు రాసింది. శ్రవణ వైద్య మండలి దాన్నే రూలు చేసింది. దొంగ మందుల కొట్లు వరసగా మూతపడుతుంటే ఆమె ప్రాణానికి హాయిగా ఉంది.

తర్వాత ఆ రూలు డాక్టర్ నసీమా నడిపే మాటల గది మీద పడింది. శబ్దం పోతుందని నసీమా ఎవరికీ మాట ఇవ్వలేదు. దానికి భయపడకుండా, దాన్ని పట్టించుకోకుండా బతకడం నేర్పేది, అంతే. అక్కడికి వెళ్ళాక సింహాచలం మళ్ళీ నిద్రపోయాడు, మళ్ళీ సముద్రంలో ఈతకు దిగాడు. అంకె మాత్రం అరవై రెండు దగ్గరే కూర్చుంది.

"ఇన్నాళ్ళకి మా వాడికి నిద్ర పడుతోందండీ," అంది మందాకిని మండలి సమావేశంలో.

"నిద్రకి మీటరుందా అమ్మా?" అన్నాడు అధ్యక్షుడు పట్నాయక్. "రూలు మీరు రాసిందే. మీ తమ్ముడికో రూలు, ఊరికో రూలు పెట్టమంటారా?"

మందాకిని మూసివేత ఉత్తర్వు మీద సంతకం పెట్టింది. మాటల గదికి తాళం పడింది.

నెల తిరక్కుండానే, హోరు పోగొడుతుందంటూ ఊరంతా 'శాంతిబిళ్ళ' వచ్చింది. మీటరు పక్కనే అతికిస్తే అంకె సున్నాకు దిగిపోతోంది. మండలి పరీక్షలో దర్జాగా నెగ్గింది. పట్నాయక్ స్వయంగా దండ వేయించుకుని ఫొటో దిగాడు. మందాకిని ఒక బిళ్ళను తెచ్చి ప్రయోగశాలలో విప్పి చూసింది. అందులోంచి సన్నని కరెంటు ఒకటి వస్తోంది. అది మెదడును తాకనే తాకదు. మీటరుకు సంకేతం అందకుండా అడ్డుపడుతుంది, అంతే. ఆ బిళ్ళ చేసినవాడి మీద, దండ వేయించుకున్నవాడి మీద, అన్నిటికంటే తన సంతకం మీద ఆమెకు రోత పుట్టింది. తిన్నగా తమ్ముడి ఇంటికి పరుగెత్తింది.

సింహాచలం కళ్ళు గుంటలు పడి, ఎర్రగా ఉన్నాయి. అయినా నవ్వుతూ మణికట్టు చూపించాడు. సున్నా.

"ముందా బిళ్ళ తీసెయ్‌రా!" అందామె. "అది హోరు తగ్గించదు. మీటరు కళ్ళకు గంతలు కడుతుంది. పచ్చి మోసం."

బిళ్ళ మీద చేయి వెయ్యబోతే అతను అరచేత్తో చెవి మూసుకున్నాడు. "ఏటి మోసమక్కా? సున్నా చూపిత్తంది కదా."

"నీకు వినబడటం లేదా మరి?"

"వినబడతంది. నసీమా మేడమ్ దగ్గరికెళ్ళినప్పటికంటే ఎక్కువే వినబడతంది. కన్ను మూత పడట్లేదు."

"మరి నీ చెవి మాట నమ్మవేంరా?"

"నువ్వు చేసిన మీటరక్కా అది! అది తప్పు చెప్పదు. సున్నా ఉన్నోడికి హోరు వినబడకూడదు కదా. వినబడతందంటే తేడా నాలోనే ఉన్నట్టు." అతను గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "రేపు పిచ్చాసుపత్రికి ఎల్తన్నాను. ఎవరికీ చెప్పకక్కా."