వెనకబడ్డ గడియారం

ఆ మధ్యాహ్నం పనికి బయల్దేరేటప్పుడు ఏజెంట్ పాతసామాను దగ్గరున్న సరుకు ఇంతే: ఒక పెన్‌డ్రైవ్, మొన అరిగిన స్క్రూడ్రైవర్, మందులకు లొంగని నడుం నొప్పి. డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తలో సైలెన్సర్ పిస్టల్ ఇచ్చారు. ఇప్పుడు సంతకం పెట్టించుకుని పెన్‌డ్రైవ్ ఇస్తున్నారు. పైకి అతను సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల వ్యాపారి. వేషం కోసం పెట్టిన షాపే ఇప్పుడు ఇల్లు గడుపుతోంది; గూఢచర్యమే పక్క వ్యాపారంగా మిగిలింది.

బ్రీఫింగ్ ఫోన్లోనే ముగిసింది. విదేశీ ముఠా ఒకటి రైల్వే సిగ్నల్స్ మీద కన్నేసింది. సాయంత్రం ఐదింటికి కంట్రోల్ రూంలో షిఫ్ట్ మారే ఒక్క నిమిషం సిస్టం తాళం తీసి ఉంటుంది. సరిగ్గా అప్పుడు ముఠా నాయకుడి కంప్యూటర్ తనంతట తాను నెట్‌కి కనెక్టై కమాండ్ పంపుతుంది. ఎర్ర లైట్లన్నీ పచ్చబడతాయి. ముందే దాడి చేస్తే నాయకుడు ఆ పనిని మరోచోటి మెషిన్‌కి అప్పగించేస్తాడు. అందుకే వాడికి తెలియకుండా కమాండ్‌ని చంపాలి. కమాండోలు వచ్చేది ఐదు దాటాకే.

"రైళ్ళు ఆపించలేరా సార్?"

"ఆపితే వాడు జాగ్రత్తపడతాడు. ఇవాళ కాకపోతే ఇంకోరోజు" అన్నాడు చీఫ్.

పాతసామాను కూతురు ఆఫీసు నుంచి రోజూ వచ్చేది ఆ వేళ రైల్లోనే. ఇవాళ బస్సులో రమ్మని ఫోన్ చేశాడు.

"బస్సులో నిలబడి చావాలి నాన్నా. ఎందుకట?"

కారణం చెప్పుకునే ఉద్యోగం కాదు. "ఊరికే" అన్నాడు. ఊరికే అంటే బస్సెక్కే పిల్ల కాదని అతనికి తెలుసు.

ట్రావెల్ ఏజెన్సీ బోర్డున్న ముఠా ఆఫీసు తలుపు తీసింది నెమలి అనే డబుల్ ఏజెంట్. హైహీల్స్, ఖరీదైన సెంటు, రెండు వైపుల నుంచీ జీతం.

"పాత స్క్రీన్లు కొంటారా?"

"పగిలినవైతే కొనను" అని అతను కోడ్ పూర్తి చేశాడు.

పొద్దున నాయకుడి కంప్యూటర్‌లో ర్యామ్ వదులు చేసి, రిపేరుకి ఇతన్ని పిలిపించింది ఆమే. అయినా ఆఖరి నిమిషంలో ఆమె ఎవరి మనిషో చీఫ్ కూడా చెప్పలేకపోయాడు.

నాయకుడిని అందరూ కళ్ళద్దాలు అంటారు. పాతసామాను ర్యామ్ సరిగ్గా కూర్చోబెట్టి, షాపులో కస్టమర్లకు చెప్పే మాటే చెప్పాడు. సిస్టం అలసిపోయింది, ఎప్పుడైనా పడుకుంటుంది. ఇదే కంప్యూటర్‌లో పక్కన ఇంకో ఆపరేటింగ్ సిస్టం వేస్తే ఇది పడుకున్నా అది లేస్తుంది. ఆన్ చేయగానే రెండు పేర్లు వస్తాయి, కావలసింది ఎంచుకోవడమే.

"నా ఫైళ్ళు?"

"వాటి జోలికి పోను సార్. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో గోడ."

హార్డ్ డిస్క్‌లో ఖాళీ చోటు వేరుచేసి, పెన్‌డ్రైవ్ నుంచి రెండో సిస్టం ఎక్కించాడు. అది తప్పు టైము చూపిస్తుంటే అలవాటుగా సరిచేశాడు. ఇక అసలు పని, గోడ దాటి కమాండ్‌ని తుడిచేయడం. కానీ అవతలి వాటా మొత్తానికి పాస్‌వర్డ్ తాళం ఉంది. ఎంత కెలికినా తెరుచుకోలేదు. ఇన్నేళ్ళ సర్వీసూ ఆ తాళం ముందు చేతులు కట్టుకు నిలబడింది.

"నాది చూపించు" అన్నాడు కళ్ళద్దాలు. పాతసామాను రీస్టార్ట్ చేసి పాత సిస్టం పేరు నొక్కాడు, పాస్‌వర్డ్ కళ్ళద్దాలే కొట్టాడు. స్క్రీన్ మూల గడియారం గంటల కొద్దీ వెనకబడి ఉంది.

ఈ రోగం అతనికి కొత్త కాదు. రెండో సిస్టం, కంప్యూటర్ లోపలి గడియారాన్ని ప్రపంచ సమయానికి, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక్కి, తిప్పి పెడుతుంది. మొదటిది దాన్నే ఇక్కడి సమయమని నమ్ముతుంది. ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు. అది మర్చిపోయినందుకు షాపుకొచ్చి తిట్టిపోసిన కస్టమర్లున్నారు. చెయ్యి దానంతటదే మౌస్ మీదకి వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

ఈ కంప్యూటర్‌కి ఇంకా మధ్యాహ్నం భోజనమే కాలేదు. దీనికి ఐదెప్పుడు కావాలి?

తలెత్తితే నెమలి కూడా ఆ గడియారాన్నే చూస్తోంది. కాసేపు చూసింది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి సరిగ్గా ఆ మూలకి అడ్డంగా పెట్టింది.

కళ్ళద్దాలు చేతి వాచీ ఐదు కొట్టింది. కంప్యూటర్ ఉలకలేదు.

"ఏమైంది?"

"మళ్ళీ స్టక్ అయినట్టుంది సార్. రీస్టార్ట్ చేయండి."

చేశాడు. రెండు పేర్లు వచ్చాయి. కింద సెకన్లు తరుగుతున్నాయి.

"ఏది నాది?"

చెప్పాల్సిన మనిషికి దగ్గు తెర ముంచుకొచ్చింది. సెకన్లు అయిపోయాయి. ఎవరూ నొక్కకపోతే వచ్చేది రెండోదే. అలా పెట్టింది పాతసామానే. కళ్ళద్దాలు ఎన్నడూ చూడని స్క్రీన్ వైపు నోరు తెరుచుకు చూస్తుండగానే ఆ నిమిషం గడిచిపోయింది, తలుపు విరిగిపడింది.

బేడీలు పడ్డాక పాతసామాను అడిగాడు. "ఇంతకీ నువ్వెటువైపు అమ్మాయ్?"

"మెనూ వచ్చింది బాబాయ్. ఎంచుకున్నాను."

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాడు. పెన్‌డ్రైవ్ సాక్ష్యంలోకి పోయింది. రిపేరు డబ్బులిచ్చేవాడు జైలుకి పోయాడు. నడుం నొప్పి అలాగే ఉంది. రాబడి కింద, రైల్లోనే వచ్చిన కూతురు ఎదురుగా కూర్చుని గొణుగుతూ అన్నం తింటోంది.

"ఊరందరి కంప్యూటర్లూ బాగుచేస్తావు, మన గోడ గడియారం మాత్రం ఎప్పుడూ వెనకే నాన్నా."

"ఉండనీ అమ్మా" అన్నాడు. "దాన్నెవరూ ముట్టుకోవద్దు."