చేప బతికాకే గ్లాసు

మా బావి గట్టుకి ఎర్రరంగు పూస్తున్న అమ్మాయితో మొదటిరోజే గొడవ పెట్టుకున్నాను. అప్పటికి అమ్మ పోయి నెల.

"ఎవర్నడిగి పూస్తున్నారండీ?"

"మీ నీళ్ళనే అడిగాను. పురుగుమందు ఉంది, ఎవరూ తాగకుండా ఎర్రగుర్తు పెట్టమన్నాయి. ఇవి ఎవరు తాగారు?"

"అమ్మ. కిడ్నీలు పోయాయి."

ఆమె బ్రష్ కింద పెట్టేసింది.

ఆమెది నీళ్ళు పరీక్షించే ల్యాబ్. బావి పక్కన ట్యాంకు పెట్టి, అందులో రెండు లోహపు రేకులు దింపి కరెంటు పంపితే మందు విరిగిపోతుందట. నేను మోటార్ల మెకానిక్కుని కాబట్టి వైరింగు నా నెత్తిన పడింది. ఆమె నన్ను 'మెకానిక్ గారూ' అంటే, నేను 'ల్యాబ్ గారూ' అనేవాణ్ణి.

"ఆరు గంటలు కరెంటు. తర్వాత రాత్రంతా అందులో చేపపిల్లలు. అవి బతికితేనే మనుషులకి."

"చేపలకంటే మేం లోకువన్నమాట."

"చేపలు మొహమాటానికి బతకవండీ," అని నవ్వింది. మీటరు ముల్లు కాసేపు నాకు కనపడితే ఒట్టు.

రెండు వారాలు రోజూ పొద్దునకల్లా చేపలు చచ్చి తేలాయి. ఇంట్లో నాన్న మొండికేశాడు. క్యాన్ నీళ్ళు ముట్టడు. "ముప్పైయేళ్ళు మీ అమ్మ చేదిపోసిన నీళ్ళురా. తాగితే అవే తాగుతా," అని ఎర్రరంగు దాటెళ్ళి చేదుకునేవాడు. ఆయన కాళ్ళు వాచాయి, అచ్చం అమ్మకి వాచినట్టే. శుభ్రం చేసినా ఆ బావివే అయితే తాగుతానన్నాడు. అందుకే నాకంత తొందర.

ఒకరోజు ఆమె ల్యాబ్‌కి వెళ్ళింది. మీటరు ముల్లు లేవనంటోంది. ఉప్పు వేస్తే నీళ్ళలో కరెంటు బాగా పారుతుందని మా షెడ్డులో ఎవర్నడిగినా చెబుతారు. నాలుగు గుప్పెళ్ళు వేశాను. ముల్లు లేచి కూర్చుంది. రెండు గంటల్లో పరీక్ష పట్టీ మీద మందు జాడే లేదు. చేపల సంగతి పక్కనపెట్టి, చెంబుడు నీళ్ళు నాన్నకిచ్చి వచ్చాను.

ఆమె వస్తూనే ట్యాంకు వాసన చూసింది.

"ఏం కలిపావు?" మొదటిసారి నువ్వు అంది.

"ఉప్పు."

ట్యాంకులోకి చేపల్ని వదిలింది. కాసేపట్లోనే వెల్లకిలా తేలాయి.

"ఉప్పులోంచి క్లోరిన్ పుట్టింది. అది మందు ముక్కలకి అంటుకుని ఇంకో విషమవుతుంది. మన పట్టీకి అది తెలీదు. ఎవరైనా తాగారా?"

అప్పటికే నేను పరిగెడుతున్నాను.

నాన్న గుమ్మంలో వాంతి చేసుకుంటున్నాడు. ఆస్పత్రి మంచం మీద నీరసంగా అన్నాడు: "రెండు గుక్కలేరా. ఉప్పగా తగిలాయి. మీ అమ్మ నీళ్ళు కావని పారబోశా."

వరండా బెంచీ మీద ఆమె నా పక్కన కూర్చుంది.

"చేజేతులా నాన్నని చంపుకోబోయాను," అన్నాను.

ఆమె ఓదార్చలేదు. "మా అన్నయ్య పొలంలో రోజంతా మందు కొట్టొచ్చి, ఆకలంటే ఆ చేతులతోనే తిన్నాడు. కడుక్కోమని చెప్పకుండా వడ్డించింది నేనే. తెల్లారి లేవలేదు. అప్పట్నుంచి ఈ పని పట్టుకున్నా." బెంచీ మీంచి లేస్తూ, "రేపు వస్తావా?" అంది.

"నువ్వుంటే వస్తా."

"నేనెక్కడికి పోతాను?"

ఈసారి ఉప్పు జోలికి పోలేదు. రేకుల్ని బాగా దగ్గరికి జరిపాను, ముల్లు నెమ్మదిగా లేచింది. ఇంకో పది రోజులకి, ఒక పొద్దున చేపలు ఈదుతూ కనిపించాయి. ల్యాబ్ కాగితం కూడా పర్వాలేదంది.

ఆమె గ్లాసు ముంచింది. నేను లాక్కున్నాను.

"నా ట్యాంకు. ముందు నేను," అంది.

"కుదరదు. నేనే."

వెనకనుంచి నాన్న వచ్చి గ్లాసు అందుకున్నాడు. "ఇటివ్వండి. పోతే ముసలాణ్ణి నేను పోతా. మీరిద్దరూ పెళ్ళి చేసుకోవలసినవాళ్ళు."

ఆ మాట మేమింకా ఒకరితో ఒకరం అనుకోనేలేదు. ఆమె తలొంచుకుంది గానీ, కాదనలేదు.

నాన్న తాగి, చాలాసేపు బావివైపే చూస్తూ నిలబడ్డాడు.

"మీ అమ్మ నీళ్ళేరా," అన్నాడు. తర్వాత గ్లాసు ఆమె వైపు చాపాడు. "ఇంకొంచెం పొయ్యమ్మా."