మోరిన్ తోట మట్టి

మోరిన్ ద్రాక్షతోట గోడ పక్కన చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. ఎప్పుడో చనిపోయిన యజమానురాలు తెల్లగా, వీపున గంపతో తిరుగుతుందని ఫ్రాన్సులోని బుర్గుండిలో ఆ చుట్టుపక్కల చంటిపిల్లకి కూడా తెలుసు. వానకి కొట్టుకుపోయిన మట్టికోసం ఏడుస్తుందట. పగటిపూట పనివాళ్లు సైతం బూట్లకంటిన మట్టిని లోపలే గీకేసి మరీ బయటికొస్తారు. ఆ మట్టి అలాంటిది! అందులో పండిన ఎర్ర వైన్ ఒక్క సీసా దక్కాలంటే మంత్రులైనా ఏళ్లతరబడి కాచుకోవలసిందే.

ఆ తోట ఉన్న గుట్టకి దిగువన, బాటకి ఇవతల, ఫిర్మిన్ తోట. అదే ఎండ, అదే తీగ. ఆ వైన్‌ని మాత్రం ఊళ్లో హోటల్‌వాడు చవగ్గా కూజాల్లో పోస్తాడు. మూడు తరాలుగా ఇదే బతుకు.

"వసంతం రాగానే తీగలు పీకేసి ఆవాలు చల్లు," అంది భార్య సొలాంజ్. "నీ వైన్ తాగి మొహం ముడిచేవాళ్లే, ఆవాల ఘాటుకి లొట్టలేస్తారు."

అవి తాత నాటిన తీగలు. ఫిర్మిన్‌కి ప్రాణం ఉసూరుమంది. మర్మమంతా ఆ మట్టిలోనే ఉంది... నాలుగు గంపలు తెచ్చి పోసుకుంటే?

నవంబరు పొగమంచు పట్టిన రాత్రి బయల్దేరాడు. ఎవరైనా చూస్తే దెయ్యమనుకుని పారిపోతారని సొలాంజ్ తెల్ల దుప్పటి నెత్తిన కప్పుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

గోడ కూలినచోట దూరాడు. గంప నింపాడు. ఎత్తుకోబోతుంటే — ఎవరో రొప్పుతున్న చప్పుడు...

తెల్లగా. నడుం వంగిపోయి. వీపున గంపతో... తిన్నగా అతనివైపే వస్తోంది.

"తల్లీ..." ఫిర్మిన్ చేతులు జోడించాడు. "ఇక్కడే పోసేస్తా... పిడికెడు కూడా పట్టుకెళ్లను..." గంప బోర్లించాడు.

దెయ్యం ఆగింది. దభీమని మోకాళ్లమీద పడింది!

"నన్నేం చెయ్యకమ్మా... నేనూ ఇచ్చేస్తా..." అంటూ తన గంపా బోర్లించింది.

దాని దుప్పటి జారింది. చూస్తే — తోటకి ఇప్పటి యజమానురాలు, ముసలి ఓడిల్!

"మీ తోటలో మీకు దుప్పటెందుకండీ?"

"నువ్వట్రా ఫిర్మిన్! అరవకు... ఇది నీ తోటలో మట్టే."

"నాదా?"

"వానలకి నా మంచి మట్టంతా జారి నీ దగ్గరే చేరింది. నా సీసాకి పేరే మిగిలింది, రుచి పోయింది. జనం పేరు తాగుతున్నారు కనక ఇంకా పసిగట్టలేదు. అందుకే మోసుకొచ్చుకుంటున్నా."

"అయితే ఇందాక నేను ఎత్తింది..."

"పోయినవారం నీ దగ్గర నేనెత్తిందే."

ఫిర్మిన్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నా వైన్ బాగుంటే ఇన్నాళ్లూ ఒక్కరూ అనలేదేం?"

"కూజాలో పోసేదాన్ని ఎవడు పొగుడుతాడు? రోజూ భోజనంలోకి నేను తాగేది నీదే. వంటమనిషి చేత రహస్యంగా తెప్పించుకుంటా."

తాత వినని మాట, తండ్రి వినని మాట. ఫిర్మిన్ కళ్లు తుడుచుకున్నాడు. "సొలాంజ్ తీగలు పీకెయ్యమంటోందండీ... ఆవాలు చల్లాలట."

ఓడిల్ మోకాళ్లు పట్టుకుని లేచింది. దుప్పటి దులిపి మళ్లీ నెత్తిన కప్పుకుంది.

"నడు," అంది గుసగుసగా. "మీ ఆవిడ పడుకునేది ఏ కిటికీ పక్కనో చూపించు."